మందు, గుండు, గురి: ఎర్రగుంట్ల సీమలో తుపాకి తొలిపాఠము

కడప జిల్లాలో పెన్నేటికి దక్షిణమున, మదరాసు–బొంబాయి ఇనుపదారి మీద నున్న ఎర్రగుంట్ల నేడు సిమెంటు కర్మాగారములకును నాపరాతి గనులకును పేరుపడిన ఊరు. అయినను ఆ పొగగొట్టముల నీడ దాటి పొలిమేరల వైపు నడచినవానికి నల్లరేగడి చేలును, వాని నడుమ పలకలు పలకలుగా పైకి తేలిన సున్నపురాతి బండలును, వంకల వెంబడి దట్టముగా అల్లుకొన్న కంపయు ఇప్పటికిని కనబడుచునే యుండును. కౌజులు, పూరేళ్ళు, ఇచ్చటివారు చెవులపిల్లి యని పిలుచు కుందేళ్ళు ఆ కంపలో వసించును. వేరుశనగ, శనగ, జొన్న పండు వేళకు అడవిపందులు గుంపులుగా చేలమీద పడును. చేనికి మంచె యెంత అవసరమో మంచెమీది కాపరికి తుపాకి యంత అవసరమై, కొన్ని తరములుగా ఈ సీమ రైతుల యిండ్లలో అటుకు క్రిందనో దూలము ప్రక్కనో ఒంటిగొట్టపు తుపాకి యొకటి వ్రేలాడుచు వచ్చినది. తూటా యెరుగని తుపాకి యది. మందును గుండును గొట్టపు మూతినుండి లోనికి దట్టించి, నిప్పును వెనుకవైపున అమర్చి, ఒక్కొక్క దెబ్బను మనిషి తన చేతులతో కూర్చుకొనవలసినదే.

నేడు దుకాణమున దొరకు తూటాలో మందు, గుండు, నిప్పు మూడును ఒక్క గుల్లలో ముందే అమరియుండును; కొట్టువాడు లోపలి సంగతి యెరుగనక్కరలేదు. మూతినుండి దట్టించు తుపాకి పద్ధతి వేరు. మందు పొడిగా నున్నదా, గుండు అడుగంట దిగినదా, నిప్పు పోవు దారి తెరచియున్నదా అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పలేనివాని చేతిలో అది పేలదు, లేదా పేలరాని తీరున పేలును. ఒకసారి పేల్చిన పిదప మరల సిద్ధపరచుటకు నిమిషమైనను పట్టును గనుక, గురి కుదరకమునుపే మీట నొక్కినవానికి రెండవ అవకాశము దొరకదు. వేట నేర్చుకొను చిన్నవానికి ఇంతకంటె మంచి తొలిగురువు లేదని నా నిశ్చితాభిప్రాయము. ఏలయన ఈ తుపాకి నేర్పు విద్యలో కొట్టుట చివరి మెట్టు మాత్రమే, దానికి ముందున్న మెట్లన్నియు తెలిసికొనుట, కొలుచుట, ఓర్చుట. ఆ మెట్ల నొక్కటొక్కటిగా ఎక్కుచు, ప్రతి మెట్టుక్రింద ప్రకృతిశాస్త్రపు సూత్ర మేది యున్నదో చూపుట ఈ అధ్యాయపు ఉద్దేశము.

మందు

తుపాకిమందు మూడు పదార్థముల మిశ్రమము. పెట్లుప్పు నూటికి 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకము 10; శతాబ్దముల అనుభవముమీద ఐరోపా సైన్యములు స్థిరపరచుకొన్న పాళ్ళివి. వీనిలో మండునది బొగ్గు, తక్కువ వేడిమికే అంటుకొని మంటను అందించునది గంధకము, మండించునది పెట్లుప్పు. పొయ్యిలోని కట్టె చుట్టునున్న గాలినుండి ప్రాణవాయువును గ్రహించి మండును గాని, గుండుతో బిగించి మూసిన గొట్టములోనికి గాలి రాదు గదా. అందుచేత అక్కడ మండవలసినది తనకు కావలసిన ప్రాణవాయువును తనతోనే తెచ్చుకొనవలెను. పెట్లుప్పు 101 పాళ్ళ బరువుండినచో అందులో 48 పాళ్ళు ప్రాణవాయువే. వేడి తగిలినంతనే అది విడివడి బొగ్గును చేరును. బొగ్గుపులుసు వాయువును నత్రజనియు పుట్టి, రెండువేల సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతపు వేడిమిలో వ్యాకోచించి, గుండును ముందునకు త్రోసికొని దారి చేసికొనును.

ఈ పెట్లుప్పు మన కాళ్ళక్రింది మట్టిలో పుట్టునది. పశువుల కొట్టములలో, పాడుపడిన ఊళ్ళ దిబ్బలమీద, పాతగోడల మొదళ్ళలో మూత్రమును పేడయు కలిసిన మట్టిని కంటికి కానరాని సూక్ష్మజీవులు నత్రితములుగా మార్చుచుండును. ఇది జీవులు చేయు పనియే యని 1877లో ఫ్రాన్సు దేశమున ఇద్దరు రసాయనజ్ఞులు నిరూపింపగా, 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాద్‌స్కీ ఆ జీవులనే వేరుపరచి చూపెను. వానలు మెండైన చోట ఆ ఉప్పు నీట కరిగి కొట్టుకొనిపోవును. రాయలసీమవంటి మెట్టప్రాంతమున తెల్లని పొరగా నేలపైకి తేలి నిలుచును. చౌడుమట్టిని నానబెట్టి, వడగట్టి, కాచి ఉప్పు దీయు విద్య ఉప్పరుల కులవృత్తిగా ఇచ్చట చిరకాలము సాగినది.

మందుతోడి పరిచయము ఈ సీమకు కొత్తది కాదు. ఎర్రగుంట్లకు వాయవ్యమున, పెన్న కొండను నిలువునా చీల్చుకొని పారుచోట నున్న గండికోటను 1650లో గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో అచ్చటికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, ఆ కోటలో తన దేశస్థు డొకడు ఫిరంగులు పోతపోయు పనిలో నున్నట్లు తన యాత్రాగ్రంథమున వ్రాసెను. 1800లో దత్తమండలములు తూర్పిండియా కుంపిణీ వశమైననాటికి గ్రామసీమలు పాళెగాండ్ర చేతులలోను, వారి కట్టుబడి బంట్ల తుపాకుల నీడలోను ఉండెను. థామస్ మన్రో కలెక్టరుగా నున్న 1800–1807 సంవత్సరముల నడుమ పాళెగాండ్ర బలము చెదరిపోయినది. 1878 నాటి ఆయుధముల చట్టము తుపాకికి లైసెన్సు విధించినది. యుద్ధమునుండి తప్పుకొన్న తుపాకి అటుపిమ్మట చేనికావలికిని వేటకును మిగిలినది.

మందును గూర్చి చిన్నవాడు మరువరాని సూత్ర మొకటి కలదు: పలుకు పైతట్టునుండి లోపలికి మండును. ఒకే బరువుగల మొద్దుకంటె దానిని చీల్చిన పేళ్ళు ఎట్లు త్వరగా మండిపోవునో, అట్లే ఒకే తూకముగల మందులో సన్నపలుకు త్వరగాను, ముతకపలుకు నిదానముగాను మండును. త్వరగా మండినచో వాయువంతయు గుండు కదలకమునుపే పుట్టి, ఒత్తిడి గొట్టముమీద పడును. కనుకనే సన్నని మందు వెలుపల నిప్పందుకొను రంజకమునకు, ముతకమందు గొట్టమునకు అని పెద్దలు విభజించిరి. నేటి తూటాలలోని పొగలేని మందు ఈ జాతిదే కాదు. దాని ఒత్తిడి అనేకరెట్లు హెచ్చు. దానిని చిటికెడైనను పాతతుపాకిలో పోయరాదు, పోసినచో గొట్టము పగిలి చేతిలోనే పేలును. ఇంట మందు నూరుటయు అట్టి ప్రమాదమే. లైసెన్సు లేనిచో నేరము గూడ. ఒరపిడికి రేగిన నిప్పురవ్వ ఒక్కటి చాలును ఇల్లు కాలుటకు.

దట్టింపు

వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టిన 1972కు పూర్వపు దినములలో, లైసెన్సు కలిగిన ఒక పెద్దయ్య తన మనుమనికి తొలిపాఠము చెప్పుచున్నాడని తలంతము. మంచె ప్రక్కన చెట్టునీడ; తుపాకి మడమ నేలకు ఆనియున్నది; గొట్టము నిలువుగా, మూతి ఆకాశమువైపు ఒరిగియున్నది. ఆయన నోట వెలువడు మొదటిమాట గురిని గూర్చినది కాదు.

“మూతి నీ మొగానికి రానీగాకురా అబ్బోడా. మందు పోసేటప్పుడు తల పక్కకు పెట్టుకో.”

మందుకొమ్మునుండి మందును నేరుగా గొట్టములోనికి వంపరాదు. వెనుకటి దెబ్బకు అడుగున మిణుకుమనుచు మిగిలిన నిప్పు కొమ్ములోని మందునంతను అంటించగలదు. కనుక కొమ్మునుండి చిన్న కొలతగొట్టములోనికి, కొలతగొట్టమునుండి తుపాకిలోనికి పోయవలెను. అప్పుడు ఏమరుపాటున అంటుకొన్నను అంటుకొనునది ఒక్క దట్టింపు మందు మాత్రమే. ఆపైన పీచుముద్దను దిగగొట్టి, దానిమీద గుండునో సీసపు రవ్వలనో వేసి, మరల ముద్దతో బిగింతురు. కడ్డీని గుప్పిట పట్టక వ్రేళ్ళకొసలతో పట్టి, కొద్దికొద్దిగా లోనికి త్రోయవలెను. పొరపాటున పేలినచో కడ్డీ వ్రేళ్ళనుండి జారిపోవునే గాని అరచేతిని చీల్చుకొని పోదు.

“జేజినాయనా, గుండు అడుక్కి దిగిందో లేదో ఎట్ల తెలుస్తాది?”

“కడ్డీ చెప్తాది సూడు. గీత మూతికి సరిగ్గా ఉంటే దిగినట్టు. గీత పైకి తేలితే దిగలా. ఇంగా పైకి తేలితే రెండు దట్టింపులు పడినట్టు.”

ఆ గీత ఆయన కడ్డీమీద కత్తితో గీసినది. ఖాళీ గొట్టములో కడ్డీ దించి మూతివద్ద ఒక గీత, సరియైన దట్టింపుమీద దించి మరియొక గీత. మొదటి గీత తుపాకి ఖాళీ యని చెప్పును, రెండవది సిద్ధమని చెప్పును. ఈ రెండు గీతల నడుమ దాగిన విజ్ఞానము సామాన్యమైనది కాదు. గుండుకును మందుకును నడుమ ఖాళీ మిగిలినచో, మండిన వాయువు ఆ ఖాళీలో వేగముపుంజుకొని, కదలక నిలిచిన గుండును తాకి, ఆ తాకిన చోట ఒత్తిడి ఒక్కపెట్టున పెరిగి గొట్టము ఉంగరమువలె ఉబ్బును, లేదా పగులును. మందు అదే, గుండు అదే, తుపాకి అదే. నాలుగంగుళముల ఖాళీ మాత్రమే అపాయమునకు కారణము.

మందు దట్టించి మరచిపోవుట పిల్లవాండ్రకు మాత్రమే పరిమితమైన దోషమని తలంపరాదు. అమెరికా అంతర్యుద్ధమున 1863 జూలైలో గెటిస్‌బర్గు వద్ద జరిగిన పోరాటము ముగిసిన పిదప, రణరంగమునుండి ఏరితెచ్చిన సుమారు 27,500 తుపాకులను పరీక్షింపగా 24,000 తుపాకులు దట్టించినవి దట్టించినట్లే యుండెను. వానిలో సగము తుపాకులలో రెండేసి దట్టింపులు, కొన్నింటిలో మూడునుండి పదివరకు, ఒకదానిలో 23 దట్టింపులు కానవచ్చెను. తర్ఫీదుపొందిన సైనికులు, ఆ కోలాహలమున తమ తుపాకి పేలినదో లేదో యెరుగక, ఒకదానిపై నొకటి దట్టించుచు పోయిరన్నమాట. చేతులకు అలవాటైన పని మనస్సు చెదరినప్పుడు ఎంత గ్రుడ్డిదగునో ఇంతకంటె స్పష్టముగా చెప్పు సాక్ష్యము నే నెరుగను. కడ్డీమీది గీతను ప్రతిసారి చూచువానికి ఈ పొరపాటు రాదు.

నిప్పు

మందును అంటించు పద్ధతిలోనే తుపాకి చరిత్ర యంతయు ఇమిడియున్నది. తొలుత నిదానముగా కాలు వత్తిని రంజకమునకు తాకించిరి. వానచినుకు పడినచో వత్తి ఆరును, రాత్రియందు దాని ఎరుపు దూరమునకే కనబడును. తరువాత చెకుముకిరాయి వచ్చెను. మీట నొక్కగా గుర్రమను సుత్తి పడి రాయి ఉక్కును గీరినపుడు రాలు రవ్వలు రాతివి కావు. ఒరపిడికి ఊడి, వేడెక్కి, గాలిలో మండు ఉక్కుతునకలే అవి. ఆ రవ్వలు రంజకమును అంటించి, రంజకపు మంట చెవిరంధ్రముగుండా లోపలి మందును చేరుటకు కొంత వ్యవధి పట్టును. ఒక్కొక్కపుడు రంజకము మాత్రము భగ్గుమని, లోపలి మందు కదలకయే యుండును.

ఈ వ్యవధిని తగ్గించినవాడు స్కాట్లండు దేశమున బెల్‌హెల్వీ గ్రామపు మతగురువు అలెగ్జాండర్ ఫోర్సైత్. బాతులవేట ఆయనకు ప్రీతి. రంజకపు మెరుపు కనుపించినంతనే బాతులు నీట మునుగుచుండుట గమనించి, దెబ్బకు పేలు రసాయనముతో నిప్పు పుట్టించు ఉపాయమును కనుగొని 1807లో పేటెంటు పొందెను. అంతకు ఏడేండ్లు ముందు, 1800లో, ఎడ్వర్డ్ హోవార్డ్ అను ఆంగ్లేయ రసాయనజ్ఞుడు పాదరసమునుండి అట్టి పేలుడు లవణమును తయారుచేసి యుండెను. 1820 తరువాత ఆ రసాయనము చిన్న రాగిచిప్పలో ఇమిడి, మన పల్లెలలో ‘కేపు’ అను పేర నిలిచినది. వేటగాని అవసరము ఒక మతగురువును రసాయనజ్ఞుని చేయుటయు, ఆ రసాయనము ప్రపంచపు సైన్యములన్నిటి తుపాకులను మార్చివేయుటయు శాస్త్రచరిత్రలో తలచుకొనదగిన ఘట్టము.

పెద్దయ్య మందు పోయకమునుపే మనుమనిచేత ఒక పరీక్ష చేయించును. కేపు మాత్రము పెట్టి, మూతిని నేలమీది గడ్డిపోచకు దగ్గరగా పట్టి, మీట నొక్కించును. గడ్డిపోచ ఊగినచో నిప్పుదారి తెరచియున్నది. ఊగనిచో నూనెయో, మసియో అడ్డుపడినది. మందు పోసి, కేపు పేలి, లోపలిది పేలనప్పుడు మాత్రము మూతిని గురివైపే ఉంచి నిమిషమునకు పైగా కదలక నిలువవలెను. ఎక్కడనో మిణుకుచున్న నిప్పు ఆలస్యముగా మందును చేరవచ్చును. “పేలలేదని తిప్పి చూసినోడు కన్ను పోగొట్టుకున్యాడు” అని పెద్దయ్య హెచ్చరించుట అందుకొరకే.

గుండు పోవు దారి

గొట్టము విడిచిన గుండు ఎంతవేగముతో పోవును? ఈ ప్రశ్నకు తొలిసారి సరియైన సమాధానము చెప్పిన శాస్త్రజ్ఞుడు మన దక్షిణదేశపు సముద్రతీరముననే కన్నుమూసెను. ఆయన బెంజమిన్ రాబిన్స్. 1742లో వెలువరించిన తన ఫిరంగిశాస్త్ర గ్రంథములో ఆయన వర్ణించిన యంత్రము అతిసరళమైనది: ముఖమున చెక్క బిగించిన బరువైన ఇనుపపలకను లోలకమువలె వ్రేలాడదీసి దానిపై గుండు పేల్చుట. గుండు చెక్కలో దిగి లోలకమును కదల్చును. వెనుక కట్టిన పట్టీ ఎంత బయటికి లాగబడెనో కొలిచి, లోలకపు బరువును గుండు బరువును లెక్కగట్టి, గుండు వేగమును రాబట్టవచ్చును. కన్ను పట్టలేని వేగమును కన్ను పట్టగల ఊపుగా మార్చిన ఈ యుక్తి ప్రయోగవిజ్ఞానమున మేలిబంతి. గ్రంథము విలువ గ్రహించిన మహాగణితజ్ఞుడు ఆయ్లర్ 1745లో దానిని స్వయముగా జర్మను భాషలోనికి తెచ్చెను. తరువాత రాబిన్స్ తూర్పిండియా కుంపిణీ ఇంజనీరుగా మన తీరమునకు వచ్చి, కోటల పునర్నిర్మాణములో నుండగా, 1751లో కడలూరు సమీపపు సెంట్ డేవిడ్ కోటలో మరణించెను.

ముప్పాతిక అంగుళపు సీసపుగుండు సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగముతో పోవునపుడు గాలి దానిని వెనుకకు త్రోయు బలము గుండు బరువునకు 120 రెట్లని రాబిన్స్ లెక్కగట్టెను. అంతకు మునుపు గాలి అడ్డంకిని లెక్కకే తీసికొననివారు పెక్కురు. ఈ సంఖ్యయే వేట నేర్చువానికి నేర్పు పాఠమేమనగా, ఏ గుండును బయలుదేరిన వేగముతో చేరదు. దూరము హెచ్చినకొలది వేగము వడివడిగా తరుగును. పైగా మూతినుండి దట్టింపవలసిన గుండు గొట్టముకంటె కొంచెము సన్నగా నుండక తప్పదు. నునుపుగొట్టములో అది అటునిటు తాకుచు బయటికి వచ్చి, ఏ వైపుకో తిరుగుచు, గాలిలో ప్రక్కకు వంగును. నూరు గజములు దాటిన పిదప దాని రాక అదృష్టము చేతిలోనిది. కనుక వేటగాడు మృగమునకు దగ్గరకు పోవు విద్య నేర్చుకొనవలెను. గాలివాలు తెలిసికొని, కంపచాటున కూర్చుండి, ఓర్పుతో ఎదురుచూచుట నేర్చుకొనవలెను. దూరమునుండి కొట్టి గాయపరచి వదలుట వేటగానికి తలవంపు.

భూమ్యాకర్షణ గూడ మరువరానిదే. సెకనుకు 300 మీటర్ల వేగముగల గుండు 50 మీటర్ల దూరము చేరుటకు సెకనులో ఆరవవంతు పట్టునని కొందము. ఆ లోపల అది సుమారు 14 సెంటీమీటర్లు, అనగా దాదాపు రెండు బెత్తెలు, క్రిందికి దిగును. చేతినుండి జారవిడిచిన రాయి అంతకాలములో ఎంత పడునో ముందునకు పరుగెత్తు గుండును అంతే పడును.

ఎర్రగుంట్ల సీమలో గురి అభ్యసించువానికి వేరొక జాగ్రత్త కావలెను. ఈ నేలలో నాపరాయి మూరెడు లోతుననే యుండును, అక్కడక్కడ బయటకే తేలియుండును. సీసపుగుండు చదునైన బండను వాలుగా తాకినచో అందులో దిగదు; జారి, ఏ దిక్కునకు లేచునో ఎవ్వరికిని తెలియదు. అందుచేత గురిపలకను రాతిగోడకు గాని గనిదిబ్బకు గాని ఆనించరాదు. మనిషి ఎత్తుకు మించిన రేగడిమట్టి కట్టను వెనుకగా చేసికొని, దాని వెనుక బాటగాని చేనుగాని లేదని కన్నులార చూచి, ఆపైననే తుపాకి ఎత్తవలెను.

తన్ను, గురి

పేలిన తుపాకి భుజమును తన్నును. ముప్పది గ్రాముల గుండు సెకనుకు 300 మీటర్ల వేగముతో ముందునకు పోయినచో, మూడు కిలోల తుపాకి సెకనుకు మూడు మీటర్ల వేగముతో వెనుకకు రావలెను; క్రియకు ప్రతిక్రియ సమానమను న్యూటను సూత్రమిది. మందు వాయువుల పాలు కలుపుకొన్నచో తన్ను మరికొంత హెచ్చును. ఇరువైపుల ఊపు సమానమే యైనను శక్తి సమానము కాదు: గుండు పొందిన శక్తి 1,350 జౌళ్ళు, తుపాకి పొందినది 13 చిల్లర మాత్రమే. బరువులో నూరవవంతైన గుండు శక్తిలో నూరురెట్లు పొందును. గుండు చీల్చుకొని పోవుటకును, తుపాకి భుజమును నెట్టి యూరకుండుటకును ఇదియే కారణము. మడమను భుజపుగుంటలో గట్టిగా అదిమి పట్టినచో తుపాకితో పాటు మేను గూడ కదలి, తన్ను త్రోపుగా మారును. సందు వదలినచో అదే తన్ను దెబ్బయగును.

చిన్నవాని గురి చెడగొట్టునది ఈ తన్నుకంటె తన్నునను భయము. మీట నొక్కుటకు ముందే అతడు కన్నుమూయును, భుజము ముడుచును, మూతి దిగజారును. అతనికి మాత్రము తాను కదలినట్లు తెలియదు. పెద్దయ్య దీనికొక మందు కనిపెట్టును. కొన్నిసార్లు దట్టించి, కొన్నిసార్లు దట్టింపక, ఏది యేదో చెప్పక తుపాకి అందించును. దట్టింపని తుపాకి మీట నొక్కినపుడు మూతి గభాలున క్రిందికి దిగుటను చిన్నవాడే కన్నులార చూచును.

“నువ్వే కదిలినావు, తుపాకి గాదు. పేలినంక గూడా ఒక లెక్క నిలబడు.”

పేలిన పిమ్మటను గురిమీద కన్ను నిలుపుమని చెప్పు ఈ మాట ఉత్త ఛాందసము కాదు. మీట కదలుట, గుర్రము పడుట, కేపు పేలుట, మందు మండుట, గుండు గొట్టమంతయు దాటుట ఇన్నియు జరుగువరకు తుపాకి నిలుకడగా నుండవలెను. పాతతుపాకిలో ఆ కాలము నేటి రైఫిలుకంటె పొడవు గనుక, దానితో గురి నేర్చినవాని నిలుకడ ఏ తుపాకిచేతనైనను చెడదు.

కడుగుట

సాయంకాలము తుపాకి కడుగుటతో గాని పాఠము ముగియదు. మందు మండినపుడు దాని బరువులో సగమునకు తక్కువభాగమే వాయువగును; తక్కినది తెల్లని పొగగాను, గొట్టమున పేరుకొను నల్లని మసిగాను మారును. ఆ మసి పొటాసియపు లవణములతోను గంధకపు సమ్మేళనములతోను నిండి, గాలిలోని తేమను పీల్చి, రాత్రి తెల్లవారులోపల ఇనుమును తినుట ప్రారంభించును. దీనికి నూనె పనికిరాదు. లవణమును కరిగించునది నీరే. వేడినీరు పోసి, కడ్డీకి చుట్టిన గుడ్డతో తోమి, గుడ్డ తెల్లగా వచ్చువరకు మరల మరల తుడిచి, గొట్టము ఎండిన పిమ్మట మాత్రమే పలుచగా నూనె పట్టించవలెను. ఇనుమునకు నీరు శత్రువని నమ్మిన చిన్నవానికి ఇది వింతగా దోచును. వేడినీటితో కడిగిన గొట్టము తన వేడికే త్వరగా ఎండిపోవుట చూచినపుడు ఆ వింత తీరును.

కొట్టక విడుచుట

ఇంతవరకు చెప్పినదంతయు కొట్టుటను గూర్చి. విద్య పరిపూర్ణమగునది మాత్రము కొట్టక విడుచుటతో.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు వినోదపు వేటకు స్వస్తి చెప్పినవి. కౌజుగాని, చెవులపిల్లిగాని, నెమలిగాని నేడు ఎవ్వరును కొట్టరాదు. పంటను నాశముచేయు అడవిపంది విషయమున గూడ అటవీశాఖ అధికారి అనుమతి లేక తుపాకి ఎత్తుట నేరము. 1959 నాటి ఆయుధముల చట్టము నిజమైన పంటరక్షణ కొరకు మూతినుండి దట్టించు తుపాకికి లైసెన్సు ఇయ్యవచ్చునని ప్రత్యేకముగా పేర్కొన్నది. 21 ఏండ్లు నిండనివానికి తుపాకి కలిగియుండు హక్కు లేదనియు, శిక్షణ సందర్భమున మాత్రము విధించిన షరతులకు లోబడి వాడవచ్చుననియు అదే చట్టము చెప్పుచున్నది. ఈ నిర్బంధములను చూచి పాతవిద్య పాడైనదని వగచువారు కలరు. వారి వగపుతో నేను ఏకీభవింపను. వేటగాని విద్యలో తుపాకి భాగము స్వల్పము. అడుగుజాడ గుర్తించుట, కూత విని పక్షిని చెప్పుట, ఏ పొద ఏ వేళకు దేనికి ఆశ్రయమో ఎరుగుట అందులోని మహాభాగము. ఆ భాగమును ఏ చట్టమును తీసివేయలేదు.

దీనికి సాక్ష్యము కడప జిల్లాయే. 1848లో శాస్త్రలోకమునకు పరిచితమైన కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కానరాక, అంతరించినదని నిర్ణయింపబడెను. జెర్డన్ అను వైద్యుడు కనుగొనుటచే ఆంగ్లమున ఆయన పేరిట పిలువబడు ఈ రాత్రించర పక్షి పగలెల్ల పొదలక్రింద అణగియుండును. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి అన్వేషణ ఫలించి, లంకమల అడవుల అంచున అది మరల ప్రత్యక్షమాయెను. ఆ పక్షిని రాత్రివేళ దీపపు వెలుతురులో చూచి, గుర్తించి, ప్రాణముతో పట్టి తెచ్చినవాడు ఆ ప్రాంతపు పిట్టలవేటగా డొకడు. విద్వాంసులు ఎనుబది యేండ్లకు పైగా కానలేనిదానిని వేటగాని కన్ను కనుగొన్నది. పిమ్మట 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడి, ఆ కంపపొదల నేల రక్షణ పొందెను. తెలుగుగంగ కాలువ దారిని సైతము ఆ పక్షి కొరకు మార్చిరి.

ఆ వేటగాడు ఆ రాత్రి తుపాకి పట్టియుండినచో ఏమయ్యెడిది? పేల్చుట ఒక్క క్షణపు పని. చూచి, పోల్చుకొని, చేయి ఆపుట జీవితకాలపు అభ్యాసము. మూతినుండి దట్టించు తుపాకి తన నిదానముచేత, తన ఒక్కటే దెబ్బచేత, తన కొలతలచేత ఆ అభ్యాసమును చిన్నవాని కండరములకే నేర్పును. గురిపలకకును మట్టికట్టకును ముందు నిలిచి, చట్టము సమ్మతించిన చోట, అనుభవము గల పెద్ద పర్యవేక్షణలో, చెవులకు రక్షణయు కన్నులకు అద్దములును ధరించి ఈ విద్యను నేటి యువకుడును నేర్చుకొనవచ్చును, నేర్చుకొనవలెను గూడ. రసాయనశాస్త్రమును బలశాస్త్రమును పాఠశాలలో పుటలమీద చదివిన పిల్లవాడు, వానిని ఒక కడ్డీమీది గీతలోను, ఊగిన గడ్డిపోచలోను, భుజమున తగిలిన త్రోపులోను గుర్తించినపుడు ఆ శాస్త్రము అతని సొంతమగును. అట్టివాడు తుపాకి దించి అడవిలోనికి పోయినను వట్టిచేతులతో రాడు. ఏ పొదలో ఏమున్నదో తెలిసికొని వచ్చును. మన సీమకు ఇప్పుడు కావలసిన వేటగాడు అతడే.